దండలో నాలుగు పూలు చాలు

కోసిన పువ్వు చెడిపోవడానికి మూలం దాని ఒంట్లో ఉన్న నీరే. ఆ నీరు ఉన్నన్నాళ్లూ బూజు పడుతుంది, రేకు నల్లబడుతుంది, తొడిమ దగ్గర మొదలై పువ్వంతా కుళ్లుతుంది. ఆకారం చెడకుండా ఆ నీటిని బయటికి పంపించగలిగితే పువ్వు ఏళ్ల తరబడి నిలుస్తుంది. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ మాట పిల్లలకు చెబుతూ వచ్చాను. ఉద్యోగ విరమణ తర్వాత రాజమహేంద్రవరంలో మా కోడలితో కలిసి పెళ్లిదండల పూలను రెజిన్‌లో నిలిపే పని పెట్టుకున్నాక, ఇంటికి వచ్చే ప్రతి తల్లికీ ఇదే మాట చెబుతున్నాను. వాళ్లందరూ అడిగేది ఒకటే: "అమ్మా, ఇది ఎన్నాళ్లుంటుంది?" నోటికొచ్చిన అంకె చెప్పి పంపడం నాకిష్టం లేదు. మనుషులు పూలను దాచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో, అలా దాచినవాటిలో ఏవి మిగిలాయో, ఎందుకు మిగిలాయో తెలిస్తే ఆ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

మనిషి కంటే ముందు ఈ పని చేసినవి చెట్లు. చెట్టు నుంచి కారేది రెండు రకాలు. తుమ్మ జిగురు నీళ్లలో కరుగుతుంది. గుగ్గిలం కరగదు, నిప్పుల మీద వేస్తే పొగ వస్తుంది. ఈ రెండో జాతే రెజిన్. కోట్ల ఏళ్ల కిందట బాల్టిక్ సముద్ర తీరపు అడవుల్లో కారిన ఇలాంటి ద్రవం భూమిలో గట్టిపడి అంబర్ అయింది. కారేటప్పుడు దారిలో ఉన్న చీమనూ, దోమనూ, ఆకునూ, పువ్వునూ తనలోకి తీసుకుంది. ఒకటో శతాబ్దపు రోమన్ కవి మార్షియల్ అంబర్‌లో చిక్కిన తేనెటీగ మీద పద్యం రాశాడంటే, ఆ వింత మనుషులను ఎప్పటి నుంచి ఆకట్టుకుంటోందో ఊహించుకోవచ్చు.

అంబర్‌లో పూలు అరుదు. దొరికినవి కూడా చాలా చిన్నవి. వాటిలో అన్నిటికంటే పెద్దది 28 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక పువ్వు. దాని వయసు 3 కోట్ల 39 లక్షల నుంచి 3 కోట్ల 80 లక్షల ఏళ్ల మధ్య ఉంటుంది. 1872లో దానికి స్టివార్టియా కొవలెవ్‌స్కీ అని పేరు పెట్టారు. నూట యాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ అంబర్ ముక్క మీది నుంచి పుప్పొడి రేణువులు తీసి పరీక్షించి, అది టీ మొక్క కుటుంబానిది కాదని, సింప్లోకోస్ జాతిదని 2023లో తేల్చారు. అంత కాలం గడిచాక పుప్పొడి చూసి చిరునామా సరిదిద్దగలిగారంటే ఆ కాపలా ఎంత గట్టిదో తెలుస్తోంది. అయితే ఆ పని చెట్టు తన గాయం మాన్పుకోవడానికి చేసుకుంది. పువ్వు అందులో పడటం యాదృచ్ఛికం.

మనుషులు కావాలని దాచిన పూలు చూడాలంటే ఈజిప్టు వెళ్లాలి. 1881లో దేర్ ఎల్ బహరీ దగ్గర ఒక రహస్య సమాధిలో ఫరోల మమ్మీలు బయటపడ్డాయి. రెండో రామ్సెస్ దేహం మీద పూలదండలు వరసలుగా పరిచి ఉన్నాయి. వాటిని పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ ష్వైన్‌ఫుర్త్ ఎండిన పూలను నీళ్లతో మెత్తబరిచి, విప్పి, కాగితాల మీద అంటించి, నిన్న కోసిన మొక్కల్లాగే పేర్లు గుర్తించాడు. ఆ దండ కట్టిన తీరు మన దండలు కట్టేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మిముసోప్స్ ఆకును మడిచి, ఆ మడతలో నీలికలువ రేకును దోపి, ఖర్జూరపు ఆకు చీలికతో వరసగా కుట్టారు. మిముసోప్స్ అంటే మన పొగడ చెట్టు జాతే. పొగడపూలు ఎండినా వాసన పోదని మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ ఎడారి మనుషులు అదే జాతి చెట్టు ఆకులను తమ రాజు గుండెల మీద పరిచారు. ఆ దండలకు సుమారు 3,000 ఏళ్లు. వాటిని కాపాడింది ఏ మందూ కాదు, పొడి గాలీ చీకటీ.

యూరప్‌లో 16వ శతాబ్దంలో, ఇటలీలోని పీసాలో పాఠం చెప్పిన లూకా ఘీనీ మొక్కలను నొక్కి, ఆరబెట్టి, కాగితానికి అంటించే పద్ధతిని శిష్యులకు నేర్పాడు. మేము కాలేజీల్లో చేయించే హెర్బేరియం అదే. ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. న్యూస్ పేపర్ల మధ్య మొక్కను పరిచి, రోజూ కాగితం మారుస్తూ, బరువు కింద నొక్కి ఆరబెడతాం. సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి షీటు మీద అంటిస్తాం. కింద కుడి మూల చీటీ. ఆ చీటీ మీద మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, ఊళ్లో పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవాళ్ల పేరు. పిల్లలు మొక్కను అందంగా అంటించి చీటీ సగం నింపి తెచ్చేవారు. నేను మార్కులు తగ్గించేదాన్ని. చీటీ లేని షీటు మీద ఉన్నది ఎండు గడ్డి, అంతే.

ఆ చీటీ విలువ మన తీరంలోనే రుజువైంది. 1690ల్లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడిగా ఉన్న సామ్యూల్ బ్రౌన్ చుట్టుపక్కల మొక్కలను సేకరించి, ఆరబెట్టి, స్థానికుల పేర్లూ వాడుకలూ రాసి లండన్ పంపాడు. ఆ షీట్లు ఇవాళ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో హాన్స్ స్లోన్ సంకలనంలో ఉన్నాయి. ఓడలో నెలల ప్రయాణం చేసి, మూడు వందల ఏళ్లు దాటినా, ఆ మొక్క ఏ ఊరిదో ఎవరు కోసిందో చెప్పగలుగుతున్నామంటే కారణం దాని పక్కన రాసిన నాలుగు మాటలే.

ఎండిన పువ్వులో మిగలనిది ఒకటుంది. అది రంగు. మోదుగ పువ్వును ఆరబెట్టి చూడండి. చెట్టు మీద అడవికి నిప్పంటుకున్నట్టుండే ఆ ఎరుపు షీటు మీద మట్టి రంగుకు దిగిపోతుంది. విలియం రాక్స్‌బరో 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి తోట వేసి మొక్కల మీద పనిచేశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా ఆయన ప్రయోగశాల మన గోదావరి పక్క నేలే. ఎండు నమూనాలు చాలవని ఆయన స్థానిక చిత్రకారులను పెట్టుకుని, పచ్చి మొక్కను ఎదురుగా ఉంచి, అసలు కొలతల్లో, అసలు రంగుల్లో బొమ్మలు గీయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరున మూడు సంపుటాలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. మోదుగ అందులో ఉంది. చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. పుస్తకం రాక్స్‌బరో పేరున నిలిచింది. ఆ కొమ్మలనూ కేసరాలనూ వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం మనకు చేరలేదు.

ఇదంతా శాస్త్రం కోసం దాచిన పూల కథ. ప్రేమ కోసం దాచినవాటి కథ వేరు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పదిహేనేళ్లు కూడా నిండని వయసులో మొదలుపెట్టిన పూల ఆల్బమ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు హౌటన్ గ్రంథాలయంలో ఉంది. 66 పేజీల్లో 424 నమూనాలు. పక్కన తన చేతిరాతతో పేర్లు. అదే హార్వర్డ్‌లో గాజు పూలు కూడా ఉన్నాయి. జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కొడుకు రుడాల్ఫ్ కలిసి మొదలుపెట్టిన ఆ పనిని, తండ్రి పోయాక కొడుకు ఒక్కడే 1936 దాకా సాగించాడు. దాదాపు 780 జాతులకు గాజు రూపాలు వచ్చాయి. డబ్బిచ్చింది ఎలిజబెత్ వేర్, ఆమె కూతురు మేరీ. ఒకరు పోయిన భర్త జ్ఞాపకంగా, ఇంకొకరు పోయిన తండ్రి జ్ఞాపకంగా. వాడిపోని పువ్వుతో ఒక మనిషిని తలచుకోవాలన్న కోరిక అక్కడ ఒక మ్యూజియం గదినే నింపింది.

గాజులోనే అసలు పువ్వు ఎందుకు పెట్టలేదని ఎవరికైనా అనిపిస్తుంది. కరిగిన గాజు వేడికి పువ్వు క్షణంలో బూడిదవుతుంది. అందుకే 1840ల నుంచి ఫ్రాన్సులో బక్కరా, సెంట్ లూయీ, క్లిషీ కార్ఖానాల్లో తయారైన పేపర్ వెయిట్లలో కనిపించే పూలు కూడా గాజువే. మన దగ్గర హైదరాబాదు లాడ్ బజార్ గాజులకు వాడే లక్క కూడా రెజినే. ఏటికొప్పాక బొమ్మల మెరుపు దానిదే. కానీ లక్కకు వేడి కావాలి, పైగా అది అద్దంలా పారదర్శకం కాదు. అసలు పువ్వును లోపల పెట్టాలంటే చల్లగా పోయగలిగేది, నీళ్లలా తేటగా ఉండేది, తనంతట తాను గట్టిపడేది ఒకటి కావాలి. అది 20వ శతాబ్దం దాకా దొరకలేదు.

దొరికింది కూడా పూల కోసం వెతికితే కాదు. స్విట్జర్లాండ్‌లో పియర్ కస్తాన్ అనే రసాయన శాస్త్రవేత్త పళ్ల వైద్యానికి సామగ్రి తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం కోసం చేసిన పరిశోధనలో 1930ల్లో ఎపాక్సీ రెజిన్‌ను గట్టిపరిచే మార్గం కనిపెట్టాడు. ఆ పేటెంటు బాసెల్ నగరంలోని సీబా కంపెనీకి వెళ్లింది. 1940ల్లో అది అరల్డైట్ పేరుతో జిగురుగా మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ దాదాపు అదే కాలంలో విడిగా ఆ దారిలోనే నడిచాడు. మన ఇళ్లల్లో విరిగిన కప్పు పిడి అతికించడానికి రెండు ట్యూబుల్లోంచి పిండి కలిపే అరల్డైటూ, ఇవాళ పెళ్లిపూల మీద పోసే తేట ద్రవమూ ఒకే కుటుంబం. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. రెండూ కలిస్తే అణువులు ఒకదానితో ఒకటి వలలా అల్లుకుని గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరిగించడం కుదరదు.

పూలను మూడు కొలతల్లో, నొక్కకుండా ఆరబెట్టే సాధనం కూడా ఇంకో పనికి పుట్టిందే. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు నుంచి కాపాడే ముసుగుల కోసం అమెరికాలో వాల్టర్ పాట్రిక్ సిలికా జెల్ తయారీ మీద పనిచేశాడు. 1919లో పేటెంటు వచ్చింది. అంతకు ముందు ఆ పనికి సన్నటి ఇసుకే దిక్కు. ఇవాళ మా ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాల నిండా ఉండే నీలి గింజలు అవే. తేమ పీల్చుకుంటే గులాబీ రంగుకు తిరుగుతాయి. వేడి చేస్తే మళ్లీ నీలమై పనికొస్తాయి.

మరి తెలుగు ఇళ్లల్లో ఏం చేసేవారు? నిజం చెప్పాలంటే మనం పూలను దాచుకునే జాతి కాదు, రోజూ కొత్తవి కోసుకునే జాతి. దేవుడి మీద నుంచి తీసిన నిర్మాల్యాన్ని ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లోనో కాలవలోనో వేస్తాం. వాడిన పువ్వు ఇంట్లో ఉంచరు. పెళ్లయ్యాక దండలు పారే నీళ్లలోకే వెళ్లేవి. దాచుకోవాలనుకుంటే ఎండకు భయపడనివి దాచారు: భద్రాచలం ముత్యాల తలంబ్రాలు, బాసికం, కంకణం. పూలలో దాచుకున్నది ఒక్క మొగలి రేకు. పెట్టెలో పట్టుచీరల మడతల మధ్య పెడితే ఎండిపోయాక కూడా చీరకు వాసన పట్టిస్తుంది. ఇక పిల్లలు పుస్తకాల్లో గులాబీ రేకులు పెట్టుకోవడం ఎవరూ నేర్పకుండానే సాగింది.

వీటన్నిటికంటే మనదైన పద్ధతి ఒకటుంది. పూలజడ ఫొటో. వేసవి సెలవుల్లో మల్లెమొగ్గలు చవకైనప్పుడు ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే కూర్చుని, అరటి పట్ట మీద సూదీదారంతో మొగ్గలు వరసలు వరసలుగా కుట్టేవారు. మధ్యలో కనకాంబరాలతో పువ్వులు, అంచున మరువం. దాన్ని పిల్ల జడకు కట్టి స్టూడియోకి తీసుకెళ్లేవారు. సాయంత్రమైతే మొగ్గలు విచ్చుకుని డిజైను చెదిరిపోతుంది కనుక ఆ లోపలే వెళ్లాలి. స్టూడియోలో నిలువుటద్దం ఉండేది. ఫొటోగ్రాఫరు పిల్లను అద్దానికి వీపు పెట్టి కూర్చోబెట్టి, ముఖం ఎదురుగా, జడ అద్దంలో కనిపించేలా సర్ది ఒకే ఫొటోలో రెండూ తీసేవాడు. తెలుగు ఇళ్లల్లో పాత ఆల్బమ్ తెరిస్తే ఇలాంటిది ఒక్కటైనా ఉంటుంది. ఒక్క పూట బతికే మల్లెను మనవాళ్లు అద్దం సాయంతో దాచుకున్నారు. వెనక తేదీ, ఊరు రాసి ఉంటే అది హెర్బేరియం షీటుతో సమానం.

ఇప్పుడు ఆ చోటికి రెజిన్ వచ్చింది. కడియపులంక పూల మార్కెట్టు నుంచి వెళ్లిన పూలే దండలై, పెళ్లయిన మర్నాడు తడిగుడ్డలో చుట్టి మా దగ్గరికి వస్తున్నాయి. పిల్లలు విమానం ఎక్కుతారు, వాళ్ల దండ మా బల్ల మీదికి చేరుతుంది. ముందు నేను చేసే పని దారం తెంపడం. ఒక్కో పువ్వునూ విడదీసి తెల్లకాగితం మీద జాతివారీగా పెడతాను. బొగడబంతి దేనికీ జంకదు. ఎండినా ఊదారంగు అలాగే ఉంటుంది. చామంతి రేకు గట్టిది, మెల్లగా ఆరుతుంది గానీ ఆకారం చెడదు. కనకాంబరం కాగితంలా పల్చబడుతుంది. ఎర్ర గులాబీ నల్లటి ఎరుపుకు తిరుగుతుంది, కాబట్టి ముదురు రంగు కంటే గులాబీ రంగు పువ్వునే ఎంచుకుంటాను. మల్లె, లిల్లీ తెలుపు నిలవదు. ఏం చేసినా తేనె రంగుకు దిగుతాయి. ఆ మాట ముందే చెబుతాను.

పూలు సిలికా జెల్‌లో పూర్తిగా ఆరాలి. చామంతి పైకి గరగరలాడుతున్నా మధ్య బొడ్డులో చెమ్మ మిగులుతుంది. ఆ కాస్త చెమ్మే రెజిన్ లోపల పువ్వును గోధుమరంగుకు తిప్పుతుంది. ఆరాక అచ్చులో ముందు పల్చటి పొర పోసి, అది పాకంలా చిక్కబడ్డాక పూలు అమరుస్తాం. లేకపోతే ఎండుపూలు తేలికగా ఉండి పైకి తేలిపోతాయి. ఆ తర్వాత పొర మీద పొర. ఒకేసారి లోతుగా పోస్తే రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి బుడగలు వస్తాయి, రేకులు మాడతాయి. కలిపే ద్రవం చర్మానికి మంచిది కాదు. కొందరికి జీవితాంతం పడకుండా పోతుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయాల్సిన పని ఇది. ఇంట్లో సరదాగా చేసుకునేవాళ్లు ఈ ఒక్క మాట మరవకూడదు.

ఇక ఎన్నాళ్లుంటుందన్న ప్రశ్న. ఈజిప్టు దండకు 3,000 ఏళ్ల సాక్ష్యం ఉంది. హెర్బేరియం షీటుకు నాలుగైదు వందల ఏళ్ల సాక్ష్యం ఉంది. ఎపాక్సీకి నూరేళ్లు కూడా నిండలేదు. ఎండ తగిలితే అది పసుపుకు తిరుగుతుందని మాత్రం ఖాయంగా తెలుసు. అంబర్‌తో పోల్చి 'శాశ్వతం' అని అమ్మడం నాకు సమ్మతం కాదు. పువ్వును నిలబెట్టేది దానిలోంచి నీరు పోవడం. దానికి అర్థాన్ని నిలబెట్టేది పక్కనున్న చీటీ. ఆరిన పువ్వు నలగకుండా, తేమ తగలకుండా కాపలా కాయడం వరకే రెజిన్ పని. ఆ కాపలా మంచిదే, పువ్వును అన్ని వైపుల నుంచీ చూడనిస్తుంది. కానీ తారీఖూ పేరూ లేని రెజిన్ దిమ్మ మనవరాలి చేతికి వెళ్లేసరికి బల్ల మీది అలంకారమైపోతుంది.

ఇంకో మాట. గట్టిపడ్డ రెజిన్ మట్టిలో కలవదు. దండ మొత్తం అందులో ముంచి గోడంత పలక చేయించుకోవాలనే ఉత్సాహం ఇప్పుడు కనిపిస్తోంది. నేను అందరికీ చెప్పేది ఒకటే: వధువు దండలోంచి రెండు, వరుడి దండలోంచి రెండు పూలు చాలు. మిగతావి మన పెద్దలు చేసినట్టే చెట్టు మొదట్లో వేయండి, మట్టికి వెళ్లనివ్వండి. దిమ్మను ఎండ పడని గోడ పక్కన ఉంచండి. అన్నిటికంటే ముందు ఒక చిన్న కాగితం మీద తెలుగులో రాయండి: ఏ పూలు, ఏ ఊరు, ఏ రోజు, ఎవరి పెళ్లి. ఆ చీటీని పూలతో పాటే అచ్చులో పెట్టించండి. చివరి వరసలో దండ కట్టినవాళ్ల పేరు కూడా రాయండి. సామర్లకోటలో బొమ్మలు గీసినవాళ్ల విషయంలో జరిగింది వీళ్ల విషయంలో జరగకూడదు.